పాటల మీద గేటు

మా డ్రైవులోని పాటలు డిస్కు చెడిపోయి పోలేదు. నేనే తీసేశాను.

ఈ మాట మా బంధువుల్లో కావలసినవాళ్ళకు ఇదివరకే నోటితో చెప్పాను. కానీ అంతకు ముందు చెప్పిన అబద్ధం నా ప్రమేయం లేకుండా చాలా ఇళ్ళు తిరిగింది. నిజం అన్ని ఇళ్ళు తిరగలేదు. అందుకని రాస్తున్నాను.

ముందు ఆ పెట్టె సంగతి చెప్పాలి. బందరులో మా ఇంటి ముందుగదిలో, టీవీ కింద అరలో, చిన్న టిఫిన్ క్యారియరంత నల్లపెట్టె ఒకటి ఉంటుంది. లోపల రెండు హార్డ్ డిస్కులు. ఇంటి వైఫైకి కలిపి ఉంటుంది కాబట్టి ఏ గదిలోంచైనా, ఎవరి ఫోనులోంచైనా ఫొటోలూ వీడియోలూ అందులోకి పంపి దాచుకోవచ్చు. నేను దాన్ని డ్రైవు అంటాను. మా ఆవిడ డబ్బా అంటుంది.

నేను ఒక ఆఫీసులో రికార్డు గది చూసే గుమాస్తాని. పాతికేళ్ళుగా అదే పని. కాగితాల కట్టలకు నంబర్లు వెయ్యడం, అడిగినప్పుడు తీసివ్వడం, గడువు తీరినవాటినీ రెండేసి మూడేసి ఉన్న నకళ్ళనూ ఏరి బయటికి పంపడం. చేరిన కొత్తలో నాకు పని నేర్పిన పెద్దాయన ఒక మాట అనేవారు. "అట్ట మీద నంబరు చూడవయ్యా. లోపల కాగితం చదువుతూ కూచుంటే ఈ గది మన జన్మలో ఖాళీ అవదు." ఆ మాటను నేను ఎంత బాగా పట్టుకున్నానంటే, పాతికేళ్ళలో కొన్ని వేల కట్టలు నా చేతుల మీదుగా వెళ్ళాయి, వాటిలో ఏముందో నన్నడిగితే చెప్పలేను.

ఇంట్లో డ్రైవు పెట్టాక మా చుట్టాలందరి ఫోన్లకూ నేనే రికార్డు గది అయిపోయాను. పెళ్ళిలో ఎవరైనా "ఫోను నిండిపోయిందండీ" అంటే చాలు, "నాకివ్వండి, ఎక్కించి ఖాళీ చేసిస్తాను" అనేవాణ్ణి. అందరూ ఇచ్చేవారు. అలా ఇచ్చినవాళ్ళలో మా వదిన ఒకరు. వదిన అంటే మా ఆవిడకు సొంత అక్క. వాళ్ళది నాగాయలంక. వాళ్ళాయన, నేను అన్నయ్య అని పిలిచే మా తోడల్లుడు, రొయ్యల చెరువుల దగ్గర మేతలు వేయించే పని చూసేవారు. చర్చి సంఘంలో పెద్ద కూడా. ఆదివారం సాయంత్రం వాళ్ళింట్లో ఇంటి ప్రార్థన ఉంటుంది. ముందు ఒక కీర్తన పాడతారు, తరవాత ఆయన ప్రార్థన చేస్తారు. వదిన ఫోను కిటికీలో పెట్టి మొదటినుంచీ రికార్డు చేసేవారు. వారం వారం, ఏళ్ళ తరబడి.

ఆ రికార్డులకు ఆవిడ పెట్టే పేరు, కీర్తనల పుస్తకంలో ఆ కీర్తన నంబరు. నూట పన్నెండు, ఎనభై నాలుగు, అలా. ఎందుకని ఒకసారి అడిగాను.

"అక్షరాలు కొడితే వేలెళ్ళి పక్కదాని మీద పడుద్ది మరిదిగారూ. అంకెలైతే పదే కదా, పెద్దపెద్దగా ఉంటాయి" అన్నారు.

అన్నయ్యకు ఇష్టమైన కీర్తనలు ముప్పై నలభైకి మించి లేవు. అవే తిప్పి తిప్పి పాడేవారు. దాంతో నా డ్రైవులో వదిన పేరుతో ఉన్న ఫోల్డరులో నూట పన్నెండు అనే పేరు పదిసార్లో పదిహేనుసార్లో ఉండేది. పక్కన బ్రాకెట్లో ఒకటి, రెండు, మూడు అని యంత్రం తనంతట తాను వేసుకున్న అంకెలు. నాకు అదెలా కనిపించిందో వేరే చెప్పక్కర్లేదు. నకళ్ళు.

ఒకరోజు డ్రైవుకు ఎర్రలైటు వెలిగింది. చోటు అయిపోయిందని ఫోనుకు సందేశం వచ్చింది. పెట్టె తీసుకుని భాయ్ దగ్గరికి వెళ్ళాను. భాయ్ అంటే బస్టాండు వైపు కంప్యూటర్లు బాగుచేసే కొట్టు ఆయన. డ్రైవు ఇప్పించిందీ, మా గేటుకు కెమెరా బిగించిందీ ఆయనే. మూత విప్పి ఫ్యాను మీద బూజు ఊది, తన కంప్యూటరుకు తగిలించి చూశాడు.

"సార్, నిండింది మీ గేటు" అన్నాడు.

"గేటేంటి?"

"గేటు కెమెరా సార్. ఎవరు కదిలినా రికార్డు చేసి ఇందులో పడేస్తా ఉంది. కుక్క కదిలితే ఒకటి, ఆకు కదిలితే ఒకటి. నెలల తరబడి ఉంది. అది తీసెయ్యండి, సగం పెట్టె ఖాళీ. మిగతావి మాత్రం ఇంకో చోట కాపీ పెట్టకుండా ముట్టుకోవద్దు."

"రెండు డిస్కులున్నాయిగా. ఒకదాంట్లో పోయినా ఇంకోదాంట్లో ఉంటుంది."

"అది డిస్కు కాలిపోతే సార్. మీరు చెరిపితే రెంటిలోనూ చెరిపేస్తది. పాపం దానికేం తెలుసు, చెప్పినట్టు చేస్తది."

నాకు ఆ సలహా నచ్చలేదు. గేటు కెమెరా నేను ముచ్చటపడి పెట్టించుకున్నది. అంతకు ముందు మా గేటు పక్కనుంచి ఎవరో పూలకుండీ ఒకటి ఎత్తుకెళ్ళారు. అది ఖరీదైనదేం కాదు, కానీ ఎవరు తీశారో తెలియకపోవడం నన్ను చాలాకాలం వేధించింది. కెమెరా రికార్డు నా లెక్కలో సాక్ష్యం. రికార్డు గదిలో పనిచేసేవాడు సాక్ష్యాన్ని తీసెయ్యడు. నకళ్ళు తీసేస్తాడు.

శనివారం పొద్దున్న కాఫీ తాగి కూర్చున్నాను. ఏ ఫోల్డరులో ఎన్ని ఫైళ్ళున్నాయో లెక్క చూశాను. ఒక్కొక్క ఫైలు ఎంత చోటు తింటుందో చూడాలని ఆ పూట నాకు తట్టనే లేదు. మా ఆఫీసులో కట్టలు ఎన్ని అనే అడుగుతారు, బరువెంత అని ఎవరూ అడగరు. గేటును వదిలేస్తే, వదిన ఫోల్డరులో ఫైళ్ళు అన్నిటికంటే ఎక్కువ ఉన్నాయి. ఒక నూట పన్నెండును తెరిచి పది సెకన్లు విన్నాను. పాట. ఇంకో నూట పన్నెండును తెరిచాను. అదే పాట. చాలనిపించింది. ఒక్కొక్క నంబరుకు ఒక్కటి ఉంచి తక్కినవి తీసేశాను. ఏది ఉంచాలి అన్న ప్రశ్న వచ్చింది. చోటు కోసమే కదా చేస్తున్నది, అన్నిటిలోకీ చిన్నది ఉంచాను. చివరికి ముప్పై ఏడు మిగిలాయి.

చోటు చూస్తే ముల్లు కదల్లేదు. ఇదేమిటని వెతికితే, తీసేసిన ఫైళ్ళు ముందు చెత్తబుట్టలోకి వెళ్తాయనీ, బుట్ట ఖాళీ చేస్తేగానీ చోటు రాదనీ తెలిసింది. బుట్ట ఖాళీ చేశాను. నిజంగా చెరిపెయ్యాలా అని అది రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ అవునన్నాను. అప్పుడు కూడా గోరంత చోటే వచ్చింది. అన్ని వందల పాటలు కలిపినా ఇంతేనా అని ఆశ్చర్యం వేసింది. ఆ ఆశ్చర్యమే కాస్త ముందు కలిగి ఉంటే ఇది రాసే పని ఉండేది కాదు. ఆ సాయంత్రం నా పాత ఫోను వీడియోలు కొన్ని తీసేస్తే ఎర్రలైటు ఆరిపోయింది. గేటు జోలికి వెళ్ళలేదు.

రెండు నెలల తరవాత అన్నయ్యకు పక్షవాతం వచ్చింది. రొయ్యలు పట్టే రోజులు కావడంతో ఆ రెండు నెలల ఆదివారాలూ ఆయన చెరువుల దగ్గరే ఉన్నారు, కొత్త రికార్డులేమీ లేవు. చెరువు గట్టు మీద కూలిపోతే గుడివాడ తీసుకెళ్ళారు. వాళ్ళమ్మాయి అక్కడే ఉంటుంది. ప్రాణానికి గండం తప్పింది. కుడిచెయ్యి కొంత తేరుకుంది. మాట మాత్రం పోయింది. మనుషులను గుర్తుపడతారు, చెప్పింది అర్థమవుతుంది, తిరిగి చెప్పబోతే నోట్లోంచి ఏదో శబ్దం వచ్చి ఆగిపోతుంది. విచిత్రం ఏమిటంటే కీర్తన ఎత్తితే ఆయన పాడగలరు. మాటలతో సహా, తప్పు లేకుండా. మంచినీళ్ళు అనలేని మనిషి నాలుగు చరణాలు పాడటం మేమంతా ఆసుపత్రి మంచం చుట్టూ నిలబడి చూశాం. మాట నేర్పే డాక్టరమ్మ, పాట మెదడులో వేరే దారిన వస్తుందని చెప్పింది. ఆ దారిలోంచి మాటలోకి కొంచెం కొంచెంగా లాగవచ్చని కూడా చెప్పింది.

"ఆయన సొంత గొంతుతో నిదానంగా మాట్లాడిన రికార్డులు ఏమైనా ఉన్నాయా అమ్మా? రోజూ అన్న మాటలే మళ్ళీ మళ్ళీ అన్నవైతే మరీ మంచిది. అది వింటూ వెంట అనిపించొచ్చు."

వదిన ముఖం వెలిగిపోయింది. "ఎందుకు లేవండీ! బందరులో మా మరిదిగారి డబ్బాలో బోలెడున్నాయి. ప్రతి పాట చివరా ఆయన ప్రార్థన ఉంది."

నేను పక్కనే ఉన్నాను. ప్రతి పాట చివరా ప్రార్థన ఉందన్న సంగతి నాకు అప్పుడు తెలిసింది.

బందరు వచ్చి మిగిలిన ముప్పై ఏడూ మొదటిసారి చివరిదాకా విన్నాను. పాట నాలుగైదు నిమిషాలు. తరవాత కుర్చీ జరిగిన చప్పుడు, దగ్గు, ఆ తరవాత అన్నయ్య గొంతు. ఆయన ప్రార్థనలో మనుషుల పేర్లుండవు. ఊర్లుంటాయి. అందరినీ ఊరుతోనే చెప్పుకుంటారు. "నాగాయలంకలో ఈ ఇంటిని, అవనిగడ్డలో చదువుకునే పిల్లలను, బందరులో ఉన్న మా తమ్ముణ్ణి, మరదలిని..." అలా సముద్రం వైపునుంచి పైకి వస్తారు. ప్రతి ఊరి దగ్గరా ఆ వారం అక్కడ ఏం జరిగిందో ఒక మాట. నా కంటి ఆపరేషను ఒక రికార్డులో ఉంది. చెరువులకు తెగులు తగిలిన సంగతి ఉంది. టీచరైన మా ఆవిడకు బదిలీ ఆగిపోయినందుకు కృతజ్ఞత ఉంది. అంటే వారం వారం మా రెండు కుటుంబాల కబుర్లూ ఆయన గొంతులో దాఖలై ఉండేవన్నమాట. నేను నంబరు చూసి పంపించేసిన కట్టలో ఉన్నది అది.

ఇంకో సంగతి మెల్లగా తెలిసింది. నేను ఉంచినవి చిన్న ఫైళ్ళు. ఫైలు చిన్నదంటే ఆరోజు ప్రార్థన చిన్నదని. జ్వరం వచ్చిన రోజు, కరెంటు పోయిన రోజు, ఎవరో వచ్చి తలుపు కొట్టిన రోజు. సగంలో ఆగిపోయిన ప్రార్థనలన్నీ ఏరి భద్రంగా ఉంచాను. ముప్పై ఏడింటిలో బందరుదాకా వచ్చినవి ఐదు. గుడివాడదాకా, అమ్మాయి దాకా, వచ్చింది ఒక్కటీ లేదు.

వదిన ఫోను చేశారు.

"దొరికినయ్యా మరిదిగారూ?"

"కొన్నే ఉన్నాయి వదినా. డిస్కు పోయినట్టుంది" అన్నాను.

ఆ మాట ముందుగా అనుకుని అన్నది కాదు. కానీ నోట్లోంచి రాగానే దానికి కాళ్ళొచ్చాయి. మా ఆవిడ అడిగింది, "డిస్కు ఊరికే ఎందుకు పోద్దండీ? ఎవరు ముట్టుకున్నారు?"

"భాయ్ కొట్టుకే కదా తీసుకెళ్ళింది. మూత విప్పాడు" అన్నాను. ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను.

మా ఆవిడ చర్చిలో స్త్రీల సమాజంలో ఆ మాట బాధ కొద్దీ చెప్పింది. బావగారి గొంతున్న రికార్డులు కొట్టువాడు పోగొట్టాడని. అప్పట్లో మా చర్చికి కెమెరాలు బిగించే పని భాయ్‌కి ఇద్దామని కమిటీ అనుకుంటోంది. తరవాత చర్చి కూటంలో ఎవరో "ఆయనొద్దులెండి, మనవాళ్ళింట్లో ఏదో పోగొట్టాడంట" అన్నారు. పని వేరేవాళ్ళకు వెళ్ళింది. నేను ఆ కూటంలో రెండో వరసలో కూర్చుని ఉన్నాను. చెయ్యి ఎత్తలేదు.

ఇక్కడితో ఆగిపోయేదేమో. వదిన ఆగలేదు. ఒక మంగళవారం చెప్పకుండా బస్సెక్కి బందరు వచ్చారు.

"ఆ కొట్టు ఎక్కడో చూపించండి. నేనే అడుగుతాను. పోయినవాటిని మళ్ళీ తీసేవాళ్ళుంటారంట, మా అమ్మాయి చెప్పింది."

వెళ్ళక తప్పలేదు. వదిన పెట్టెను పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఆటోలో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. కొట్లో భాయ్ కుర్చీ వేశాడు.

"చూడు బాబూ, నిన్ను తిట్టడానికి రాలేదు. ఎట్టా పోయినా పోయినయ్యి. వెనక్కొస్తాయా, రావా? అదొక్కటి చెప్పు."

భాయ్ నా వైపు చూశాడు. పెట్టె తగిలించాడు. చాలాసేపు ఏవో వరసలు పైకీ కిందికీ జరిపాడు. ఆ తెర నాకు పక్కనుంచి కనిపిస్తోంది. అందులో తేదీ, సమయం, ఏ ఫైలు, ఎవరు చెరిపారు. ఎవరు అన్నచోట వరసగా కిందిదాకా నా పేరు. అలాంటి చిట్టా ఒకటి పెట్టె తనలో రాసుకుంటుందని నాకు తెలియదు. నాలాంటి గుమాస్తా దాని లోపల కూడా ఒకడున్నాడు, నాకంటే నిజాయితీపరుడు. భాయ్ ఆ తెర మూసేశాడు.

"రావమ్మా" అన్నాడు. "చెరిపాక ఆ చోటును అట్టా వదిలేస్తే తీయొచ్చు. కానీ గేటు కెమెరా పొద్దస్తమానం రాస్తానే ఉంది కదా. ఖాళీ దొరికిన చోటల్లా రాసుకుంటది. పాటల మీద గేటు రాసేసింది."

"పాటల మీద గేటా!" అని వదిన పెట్టె వైపు చూశారు. తరవాత, "చెరిపిందెవరు?" అన్నారు.

"అది... చెప్పలేమమ్మా. ఒక్కోసారి అయిపోద్ది."

వదినను బస్సెక్కించి మర్నాడు ఒక్కణ్ణే కొట్టుకు వెళ్ళాను. నన్ను అన్నిటికంటే తొలుస్తున్నది ఒకటే. ఎందుకు చెప్పలేదు?

"నీకు తెలుసు కదా భాయ్. తెర మీద చూశావు."

"చూశా సార్."

"మరి నీ మీద వేసుకున్నావేం?"

"నేనెక్కడ వేసుకున్నా? మీరు వేశారు" అని నవ్వాడు. తరవాత చేతిలోని స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టాడు. "ఆడమనిషి ముందు, ఆవిడ చుట్టాన్నే చూపించి, ఇది ఈయనే చెరిపాడమ్మా అంటే బాగుంటదా సార్? పైగా రేపు బందరులో ఎవరైనా పెట్టె తెచ్చి నా ముందు పెట్టాలంటే భయపడరూ, వీడు లోపలవన్నీ బయటపెడతాడని? మీరు చెప్పాల్సింది నేను చెప్తే అది వేరేగా ఉంటది. మీరు చెప్తారేమోనని చూశా. చర్చి పని పోయినప్పుడు కూడా చూశా."

చర్చి పని ఎందుకు పోయిందో ఆయనకు తెలుసునన్నమాట. టీ తెప్పించాడు. తాగి వచ్చేశాను.

ఆ ఆదివారం మా ఆవిడకు పొద్దున్నే చెప్పాను. ఆవిడ నాతో పాటు నాగాయలంక బస్సెక్కింది కానీ వేరే సీట్లో కూర్చుంది. పులిగడ్డ దాటాక మాత్రం వెనక్కి తిరిగి, "అక్కకి బస్టాండులో చెప్పకండి, ఇంటికెళ్ళాకే చెప్పండి" అంది.

అప్పటికి ఆసుపత్రినుంచి ఇంటికి వచ్చేసిన అన్నయ్య మంచం మీద దిండుకు ఆనుకుని ఉన్నారు. సాయంత్రం ఇంటి ప్రార్థన వేళకు ఇరుగుపొరుగు నలుగురు వచ్చారు. పాట ఎత్తారు. అన్నయ్య పాడారు. పాట అయ్యాక ఎప్పటిలాగే కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ ఖాళీ ఇదివరకు ఆయన ప్రార్థనది. అప్పుడు లేచి చెప్పాను. డిస్కు చెడలేదని, కొట్టు ఆయన తప్పు లేదని, నకళ్ళనుకుని నేనే తీసేశానని, పైగా చిన్నవి ఉంచానని.

వదిన నన్నేమీ తిట్టలేదు. తిడితే ఎలా ఉండేదో తెలియదు. అడిగారు.

"ఒక్కటి చివరిదాకా వినలేదా మరిదిగారూ? అన్నింటిలో ఒక్కటి?"

"లేదు వదినా."

"మీ గురించి అడగని వారం లేదే ఆయన."

అన్నయ్య నా వైపే చూస్తున్నారు. ఆయనకు అన్నీ అర్థమవుతాయని చెప్పాను కదా. ఎడమచెయ్యి ఎత్తి, కూర్చో అన్నట్టు ఊపారు. అది క్షమించడమో, నిలబడ్డవాడు అడ్డంగా ఉన్నాడనో నాకు ఈనాటికీ తెలియదు.

తరవాత వదిన మామూలు గొంతుతో, "ఉన్నవి తెచ్చారా?" అన్నారు. ముప్పై ఏడూ ఆవిడ ఫోనులోకి ఎక్కించాను. ఆ రోజునుంచి పూట పూటా అవి వినిపిస్తూ ఆయన వెంట అనిపించడం మొదలుపెట్టారు. ఆమేన్ మొదటిరోజే వచ్చింది. దానికి అలవాటు ఎక్కువ, అది లెక్కలోకి రాదని డాక్టరమ్మ అంది. మూడు వారాలకు నాగాయలంక వచ్చింది. తరవాత అవనిగడ్డ. ఒకరోజు మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా వదిన ఫోను.

"మరిదిగారూ, ఇవ్వాళ బందరొచ్చింది."

చేతిలోని కట్టను బల్ల మీద పెట్టాను. ఆవిడే మళ్ళీ అన్నారు. "గుడివాడే రావట్లేదు. అమ్మాయి రోజూ ఫోను చేసి, నాన్నా నేనెక్కడున్నాను చెప్పు అంటంది. ఈయన నోరు తెరుస్తారు, అంతే. రికార్డులో లేదు కదా మరి. నేను అని చూపిస్తే ఆయనకి అందట్లేదు. ఆయన గొంతే కావాలి."

నాకు చెప్పవలసినవాళ్ళు ఇంకా ఉన్నారు. చర్చి కమిటీ దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. ఒక పెద్దాయన విని, "ఇప్పుడు చెప్పి ఏం లాభమండీ, కెమెరాలు బిగించేశారు కదా" అన్నారు. నిజమే. స్త్రీల సమాజంలో మా ఆవిడే లేచి చెప్పింది. అది ఆవిడ చెయ్యాల్సిన పని కాదు.

ఆ సంగతులు చెబుదామని భాయ్ కొట్టుకు వెళ్ళాను. పనిలో పనిగా గుడివాడ మాట కూడా చెప్పాను. ఆయన విని, తల గోక్కుని, "సార్, ఆ పెద్దాయన మీ ఇంటికి వస్తా ఉండేవారు కదా?" అన్నాడు.

"నెలకో రెండు నెలలకో. గుడివాడ అమ్మాయి దగ్గరికి పీతలు పట్టుకుని వెళ్తూ మా ఇంట్లో ఓ గంట ఆగేవారు."

"గేటులోంచే కదా వచ్చేది?"

"మరింకెటునుంచి?" అన్నాను.

"మీ గేటు కెమెరాకి మైకుంది సార్. కుండీ దొంగ మాటలు కూడా వినపడాలని మీరే అడిగి పెట్టించుకున్నారు. గేటు రికార్డు తీసేశారా, ఉందా?"

ఉంది. తీసెయ్యమని భాయ్ చెప్పినా మొండిగా అట్టిపెట్టుకున్నది, పాటలను మింగింది, డ్రైవు నిండా ఉన్నది అదే. దీన్ని నా ముందుచూపని ఎవరైనా అంటే ఒప్పుకోను. కుండీ మీద పట్టుదల తప్ప అందులో ఇంకేం లేదు.

ఆనాటినుంచి సెలవురోజుల్లో మధ్యాహ్నం భోజనం చేసి గేటు చూస్తున్నాను. వేగంగా జరిపి చూడవచ్చని భాయ్ నేర్పాడు కానీ జరిపితే మాట దాటిపోతుందేమోనని భయం. నిజం చెప్పాలంటే ఇప్పుడు ఆ భయం కంటే కుతూహలం ఎక్కువైంది. పాతికేళ్ళలో లోపల కాగితం చదవనివాణ్ణి, మా గేటును ఒక్క ముక్క వదలకుండా చదువుతున్నాను. పాలావిడ క్యాను దించి ప్రతిరోజూ నడుము మీద చెయ్యి వేసుకుని ఆకాశం వైపు చూస్తుంది. ఎదురింటి ఆయన బండి స్టార్టు చేసేముందు తన బండికే ఏదో చెబుతాడు. మా ఆవిడ బడికి వెళ్తూ గేటు వేశాక మళ్ళీ ఒకసారి లాగి చూస్తుంది, రోజూ, ఇన్నేళ్ళుగా, నేను గమనించనే లేదు. ఒకచోట నేనే ఉన్నాను. బయటికి వచ్చి, అటూ ఇటూ చూసి, కుండీలు లెక్కపెట్టుకుని లోపలికి వెళ్తున్నాను. మూడో ఆదివారం కుండీ సంగతి కూడా తేలింది. ఒక ఆవు మిగిలిన కుండీల్లో ఒకదాన్ని కొమ్ముతో దొర్లించుకుంటూ కాలువ వైపు తీసుకెళ్ళడం స్పష్టంగా ఉంది. అది కాలువ ఒడ్డున దొరికితే అప్పట్లో పిల్లల పననుకుని వదిలేశాను. మొదటి కుండీ కూడా అలాగే పోయి ఉంటుంది. దొంగ అంటూ ఎవరూ లేరు. మా ఆవిడను పిలిచి చూపిస్తే నవ్వింది. చాలా రోజుల తరవాత నవ్వింది.

నాలుగో ఆదివారం అన్నయ్య దొరికారు. చొక్కా చేతులు మడిచి, చేతిలో తడిసిన గోనెసంచి, గేటుకు ఇవతల నిలబడి ఉన్నారు. సంచిలో పీతలు కదులుతున్నట్టు తెలుస్తోంది. లోపలికి రమ్మని మా ఆవిడ పిలుస్తోంది.

"లేదమ్మా, కూచోను ఇవ్వాళ. గుడివాడ బస్సు వెళ్ళిపోద్ది. గుడివాడలో అమ్మాయి అన్నం వండి కూచుంటది. ఇవి చచ్చిపోతే మళ్ళీ గుడివాడ దాకా మోసిన మోత దండగ."

గుడివాడ, మూడుసార్లు. ప్రార్థన గొంతు కాదు, తొందరలో ఉన్న మనిషి గొంతు, వెనకాల ఆటో చప్పుడు. నేను ఆ ముక్కను అక్కడే నాలుగైదు సార్లు విన్నాను. తరవాత కత్తిరించి వదినకు పంపి ఫోను చేశాను. ఆవిడ ఇంకో ఫోనులో దాన్ని ఆయన చెవి దగ్గర పెట్టినట్టున్నారు. మా ఆవిడ మాటా, అన్నయ్య మాటా నాకు అవతలినుంచి తిరిగి వినపడ్డాయి. మళ్ళీ పెట్టారు. మళ్ళీ.

ఊపిరి తీసుకుంటున్న శబ్దం. ఆ తరవాత అన్నయ్య గొంతు, పట్టుకుని పైకి లాగుతున్నట్టు.

"గు... గుడి... గుడివా..."

ఆగిపోయింది. నేను మిగతా అక్షరం నాకు తెలియకుండానే పెదవులతో అంటున్నాను.

వదిన ఫోను తీసుకున్నారు.

"ఒక్క అక్షరం తక్కువొచ్చింది మరిదిగారూ. బస్సు తొందరలో ఉన్నారు కదా అందులో, గబగబా అనేశారు. నిదానంగా అన్నది ఇంకోటేదన్నా ఉందేమో చూడండి."

"చూస్తాను వదినా."

"చివరిదాకా చూడండి."

ఫోను పెట్టేసి గేటు దగ్గరికి వెళ్ళాను, తెర మీది గేటు. అన్నయ్య బస్సు కోసం వెళ్ళిపోయిన తరవాత వీధి ఖాళీగా ఉంది. ఆకు ఒకటి కదిలింది. ఇంకా ఐదు నెలల గేటు ఉంది. డ్రైవుకు మళ్ళీ ఎర్రలైటు వెలుగుతోంది.